బెయిలు, జామీనుదారులు (ఆంధ్రప్రదేశ్)

బెయిలు అనగా నేరారోపణపై అరెస్టయిన లేదా అరెస్టు కానున్న వ్యక్తిని, పిలిచినప్పుడు కోర్టుకు హాజరవుతాడన్న పూచీకత్తుపై నిర్బంధం నుండి విడిచిపెట్టడం. తెలుగులో దీనిని జామీను అని కూడా అంటారు. బెయిలు వచ్చినంత మాత్రాన కేసు కొట్టివేసినట్లు కాదు, నిందితుడు నిర్దోషి అని తేలినట్లూ కాదు. విచారణ యథావిధిగా సాగుతుంది. అలాగే బెయిలు నిరాకరించినంత మాత్రాన నేరం రుజువైనట్లు కాదు.

అమెరికాలో మాదిరిగా రుసుము తీసుకొని బెయిలు బాండు సమకూర్చే వ్యాపార సంస్థలు భారతదేశంలో లేవు. ఇక్కడ కోర్టుకు పూచీ పడవలసింది సంస్థ కాదు, మనిషి. అతనినే జామీనుదారు అంటారు. విజయవాడ పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నంలో ఒకరు అరెస్టయితే, వారి కుటుంబం వెతకవలసింది బెయిలు బాండు కంపెనీని కాదు. ఒక న్యాయవాదిని, ఆపైన ఆస్తి కాగితాలతో కోర్టుకు రాగల ఒకరిద్దరు తెలిసినవారిని. బెయిలు మంజూరైన తరువాత కూడా జైలులోనే ఉండిపోయేవారిలో చాలామందికి లేనిది ఈ మనిషే.

పదాలు, పూర్వ చరిత్ర

జామీను అనే మాట అరబ్బీ నుండి పారసీకం, ఉర్దూల ద్వారా తెలుగులోకి వచ్చింది. పాత దస్తావేజులలో కనిపించే ముచ్చలిక అనే మాటకు పూచీపత్రం అని అర్థం. కోర్టు పరిభాషలో నిందితుడు తనంతట తాను రాసి ఇచ్చేదానిని సొంత పూచీకత్తు అంటారు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బి.ఎన్.ఎస్.ఎస్.) ఈ మాటలకు మొదటిసారిగా నిర్వచనాలు ఇచ్చింది. జామీనుదారు లేకుండా రాసిచ్చేది బాండు, జామీనుదారుతో కలిపి రాసిచ్చేది బెయిలు బాండు. అంతకు ముందు అమలులో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సి.ఆర్.పి.సి.) బెయిలు నియమాలను వివరంగా చెప్పింది గాని, బెయిలు అంటే ఏమిటో నిర్వచించలేదు.

మనిషికి మనిషి పూచీ పడటం కొత్తదేమీ కాదు. యాజ్ఞవల్క్య స్మృతి పూచీదారుని ప్రతిభువు అని పేర్కొని, మూడు రకాలుగా విభజించింది: మనిషిని హాజరుపరుస్తానని పూచీ పడేవాడు, అతడు నమ్మదగినవాడని పూచీ పడేవాడు, అతడు ఇవ్వకపోతే తానే చెల్లిస్తానని పూచీ పడేవాడు. ఇది ఎక్కువగా ఋణ వ్యవహారాల సందర్భంలో చెప్పినది. ఆ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. నేటి జామీనుదారు ఈ మూడింటిలో మొదటివాడు; నిందితుడు పారిపోతే మూడవవాడు కూడా అవుతాడు.

బెయిలు ఎప్పుడు, ఎవరు ఇస్తారు

నేరాలు బెయిలు ఇవ్వదగినవి, ఇవ్వదగనివి అని రెండు రకాలు. ఏ నేరం ఏ రకమో బి.ఎన్.ఎస్.ఎస్. మొదటి అనుబంధంలోని పట్టికలో ఉంటుంది. మొదటి రకంలో బెయిలు నిందితుని హక్కు (సెక్షన్ 478). దీనిని పోలీసు స్టేషనులోనే ఇవ్వవచ్చు కనుక వాడుకలో స్టేషన్ బెయిలు అంటారు. జామీనుదారుని తేలేని పేదవానిని సొంత పూచీకత్తుపైనే వదిలిపెట్టాలని ఈ సెక్షన్ చెబుతుంది. అరెస్టయిన వారం రోజులలోగా జామీను తేలేకపోతే అతడు పేదవాడని భావించడానికి అది చాలు. 2005లో చేసిన సవరణ ద్వారా వచ్చిన ఈ వివరణ 2006 జూన్ 23 నుండి అమలులో ఉంది.

రెండవ రకం నేరాల పేరు చూసి అసలు బెయిలే రాదని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. అక్కడ బెయిలు ఇవ్వడం, ఇవ్వకపోవడం న్యాయాధికారి విచక్షణకు లోబడి ఉంటుంది, అంతే. అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మేజిస్ట్రేటు రిమాండు విధిస్తే నిందితుడు జైలుకు వెళతాడు, లేదా కొద్ది రోజులు పోలీసు కస్టడీకి వెళతాడు. బెయిలు దరఖాస్తును ముందుగా మేజిస్ట్రేటు కోర్టులో (సెక్షన్ 480), అక్కడ కాకపోతే సెషన్స్ కోర్టులో లేదా హైకోర్టులో (సెక్షన్ 483) వేస్తారు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన కేసులలో సాధారణంగా మేజిస్ట్రేటు బెయిలు ఇవ్వడు. స్త్రీలు, జబ్బుపడినవారు, పిల్లల విషయంలో కొంత సడలింపు ఉంది. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలలో పోలీసులు అవసరం ఉంటే తప్ప అరెస్టు చేయరాదనీ, బదులుగా హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలనీ 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పత్రికలలో తరచు కనిపించిన 41ఏ నోటీసు ఇదే. కొత్త చట్టంలో ఇది సెక్షన్ 35 కిందకు వచ్చింది.

ఇబ్రహీంపట్నం పోలీసు స్టేషను ఎన్టీఆర్ జిల్లా పోలీసు కమిషనరేటు పరిధిలోనిది. మేజిస్ట్రేటు కోర్టులతో పాటు అదనపు సెషన్స్ కోర్టులు విజయవాడ కోర్టుల సముదాయంలో ఉన్నాయి. కృష్ణా జిల్లా ప్రధాన న్యాయస్థానం మచిలీపట్నంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 నుండి అమరావతిలో, అంటే ఇబ్రహీంపట్నానికి కృష్ణానది ఆవలి ఒడ్డున పనిచేస్తున్నది.

అరెస్టుకు ముందే తీసుకునేది ముందస్తు బెయిలు (సెక్షన్ 482). దీనిని సెషన్స్ కోర్టు, హైకోర్టు మాత్రమే ఇవ్వగలవు. 1969లో లా కమిషన్ తన 41వ నివేదికలో చేసిన సిఫార్సు మేరకు ఇది 1973 చట్టంలో చేరింది. సాధారణంగా దీనికి కాలపరిమితి విధించనవసరం లేదని 2020లో సుశీలా అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రాథమికంగా ఆధారం ఉన్న కేసులకు ముందస్తు బెయిలు వర్తించదు.

దర్యాప్తు గడువు దాటితే వచ్చేది మరొక రకం. పదేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాలలో 90 రోజులు, మిగిలినవాటిలో 60 రోజులలోగా పోలీసులు అభియోగపత్రం దాఖలు చేయకపోతే, బెయిలు కోరడం నిందితుని హక్కు అవుతుంది (సెక్షన్ 187). ఇది అడిగితేనే వచ్చే హక్కు. గడువు దాటిన మరుసటి రోజునే దరఖాస్తు చేయకుండా ఊరుకుంటే, ఈలోగా అభియోగపత్రం దాఖలై ఆ హక్కు పోతుంది. లెక్కించవలసిన రోజులు అరెస్టు తేదీ నుండి కాక మేజిస్ట్రేటు మొదటిసారి రిమాండు విధించిన తేదీ నుండి మొదలవుతాయి.

గంజాయి కేసులలో పరిస్థితి వేరు. మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణం. అంత పట్టుబడితే ఆ చట్టంలోని సెక్షన్ 37 అడ్డుపడుతుంది: నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలు కోర్టుకు కనిపించాలి, బయట ఉండగా మరో నేరం చేయడని కూడా అనిపించాలి. అభియోగపత్రం గడువు సైతం 180 రోజులు. విశాఖ మన్యం నుండి వచ్చే సరుకు జాతీయ రహదారుల మీదుగా పోతుంది కనుక కృష్ణా డెల్టాలోని స్టేషన్లలో ఈ కేసులు కొత్త కాదు. పట్టుబడేది తరచు లారీ డ్రైవరో, క్లీనరో.

జామీనుదారు

బెయిలు ఉత్తర్వులో సాధారణంగా ఉండే వాక్యం ఇలా ఉంటుంది: ఫలానా మొత్తానికి సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు. ఇక్కడే పెద్ద అపోహ ఉంది. 10,000 రూపాయల జామీను అంటే ఆ డబ్బు కోర్టులో కట్టమని కాదు. నిందితుడు రాకపోతే 10,000 రూపాయలు చెల్లిస్తానని జామీనుదారు రాసి ఇవ్వాలి. అప్పుడు చేతినుండి ఒక్క రూపాయి కూడా కోర్టుకు పోదు. ఈ విషయం తెలియక తాకట్టు పెట్టి డబ్బు తెచ్చే కుటుంబాలు ఉన్నాయి, ఆ డబ్బు తీసుకుని మాయమయ్యే మధ్యవర్తులూ ఉన్నారు. బాండు మొత్తం కేసు పరిస్థితులకు తగినట్లు ఉండాలి, మితిమీరి ఉండరాదు అని చట్టమే చెబుతుంది (సెక్షన్ 484). ఎక్కువ అనిపిస్తే తగ్గించమని సెషన్స్ కోర్టును గాని, హైకోర్టును గాని అడగవచ్చు.

జామీనుదారు మేజర్ అయి ఉండాలి, ఆ మొత్తానికి సరిపడా ఆస్తిగాని, స్థిరమైన ఆదాయంగాని ఉండాలి. చూపవలసిన పత్రాల విషయంలో కోర్టుకూ కోర్టుకూ అలవాట్లు వేరు. పల్లెలలో పట్టాదారు పాసుపుస్తకం, పట్టణాలలో ఇంటి పన్ను రసీదు, స్థానిక సంస్థ ఇచ్చే ఇంటి విలువ ధ్రువపత్రం, ఉద్యోగులైతే జీతం ధ్రువపత్రం ఎక్కువగా చూపుతారు. పెద్ద మొత్తాలకు తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ అడుగుతారు. వీటితో పాటు ఆధార్, ఫొటోలు, ప్రమాణపత్రం జతచేస్తారు. జామీనుదారు స్వయంగా కోర్టుకు రావాలి. నిందితుడు నీకు ఎలా తెలుసు, ఏమి పని చేస్తాడు, ఆస్తి ఎక్కడుంది, దానిపై అప్పులున్నాయా అని మేజిస్ట్రేటు ప్రశ్నిస్తాడు. అనుమానం వస్తే పోలీసుల ద్వారా గాని రెవెన్యూ సిబ్బంది ద్వారా గాని విచారింపజేస్తాడు. ఇప్పటివరకు తాను ఎంతమందికి జామీను ఉన్నాడో కూడా అతడు రాతపూర్వకంగా తెలపాలి (సెక్షన్ 486).

జామీను ఉండటం మర్యాదకు చేసే సంతకం కాదు. నిందితుడు వాయిదాకు రాకపోతే కోర్టు బాండును జప్తు చేసి, ఆ సొమ్ము ఎందుకు వసూలు చేయరాదో చెప్పమని జామీనుదారుకు నోటీసు ఇస్తుంది (సెక్షన్ 491). సరైన కారణం చూపితే కొంత తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. చెల్లించకపోతే జుల్మానా వలె వసూలు చేస్తారు. అలా కూడా వసూలు కాకపోతే జామీనుదారుని ఆరు నెలల వరకు సివిల్ జైలులో ఉంచవచ్చు. బాండు జప్తు కాకముందే జామీనుదారు మరణిస్తే అతని ఆస్తికి బాధ్యత ఉండదు.

బంధువు కదా అని జామీను ఉండి, తరువాత అతడు ఊరు విడిచి పోయేలా ఉన్నాడని తెలిస్తే ఏమి చేయాలి అనే ప్రశ్నకు చట్టంలో సమాధానం ఉంది. జామీనుదారు ఎప్పుడైనా తనను తప్పించమని కోర్టును కోరవచ్చు (సెక్షన్ 489). అప్పుడు కోర్టు నిందితునిపై వారంటు జారీ చేస్తుంది. అతడు హాజరుకాగానే ఈ జామీను రద్దవుతుంది, అతడు మరొక జామీనుదారుని తెచ్చుకోవాలి లేదా జైలుకు పోవాలి. ఈ సదుపాయం సంగతి తెలియక జప్తు నోటీసు వచ్చేదాకా ఊరుకునేవారే ఎక్కువ. ఇక బెయిలుపై వచ్చి హాజరు కాని నిందితునిపై భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 269 కింద వేరే కేసు కూడా పెట్టవచ్చు. దానికి ఏడాది వరకు జైలు శిక్ష ఉంది.

జామీనుదారు దొరకనప్పుడు ఆ మొత్తాన్ని నగదుగా డిపాజిట్ చేయడానికి కోర్టు అనుమతించవచ్చు (సెక్షన్ 490). కేసు ముగిశాక, షరతులు ఉల్లంఘించకపోతే, ఈ డబ్బు తిరిగి వస్తుంది. కట్టినందుకు ఇచ్చిన రసీదు ఏళ్ళ తరబడి భద్రపరచుకోవడం అవసరం.

బెయిలు బాండు సంస్థలు ఎందుకు లేవు

వ్యాపారంగా జామీను అమ్మే పద్ధతి అమెరికా, ఫిలిప్పీన్స్ మినహా ప్రపంచంలో దాదాపు ఎక్కడా లేదు. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో బెయిలు మొత్తంలో సాధారణంగా 10 శాతం రుసుముగా తీసుకొని, లైసెన్సు పొందిన ఏజెంటు కోర్టుకు బాండు ఇస్తాడు. కేసు వీగిపోయినా ఆ రుసుము తిరిగిరాదు. కెంటకీ రాష్ట్రం 1976లోనే ఈ వ్యాపారాన్ని నిషేధించింది. ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరు 18 నుండి నగదు బెయిలునే పూర్తిగా ఎత్తివేసింది.

అమెరికాలోని తెలుగువారికి ఇది ఎరుకలేని విషయం కాదు. ఆ దేశపు అధికారులే వలగా నడిపిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారంలో 2019 జనవరి చివర 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వారిలో చాలామంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారు. వారికి న్యాయ సహాయం అందేలా అమెరికాలోని తెలుగు సంఘాలు పూనుకున్నాయి. ఇటువంటి కేసులలో విడుదలకు కట్టేది ఇమ్మిగ్రేషన్ బాండు. అది క్రిమినల్ కోర్టు బెయిలుకు భిన్నమైనది, చట్టం ప్రకారం కనీసం 1,500 డాలర్లు ఉండాలి. పిల్లలు అక్కడ చిక్కుకుంటే కృష్ణా జిల్లాలోని తల్లిదండ్రులు ఇక్కడి జామీను పద్ధతిని మనసులో ఉంచుకొని ప్రయోజనం లేదు.

భారతదేశంలో జామీనుదారుకు నష్టం రాకుండా నిందితుడు ముందే సొమ్ము ఇచ్చే ఒప్పందాన్ని కోర్టులు ప్రజాహితానికి విరుద్ధమైనదిగా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లనిదిగా పరిగణిస్తాయి. దీని వెనుక ఉన్న తర్కం సులభం. నిందితుడు పారిపోతే తన సొత్తు పోతుందనే భయం జామీనుదారుకు ఉండాలి. ఆ భయమే అతని చేత నిందితునిపై కన్ను వేయించి ఉంచుతుంది. డబ్బు ముందే చేతికి వస్తే ఆ కాపలా పోతుంది.

అయినా కోర్టుల చుట్టూ డబ్బుకు జామీను ఉండేవారు లేకపోలేదు. ఒకే ఇంటి పన్ను రసీదుతో అనేక కేసులకు జామీను ఉండటం, నకిలీ పత్రాలు సృష్టించడం, మరొకరి పేరుతో నిలబడటం వంటివి జరుగుతుంటాయి. పైన చెప్పిన రాతపూర్వక వెల్లడి నియమం ఇందుకే వచ్చింది. మరొకరుగా నటించి జామీను ఉండటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 242 (పాత శిక్షాస్మృతిలో 205) కింద మూడేళ్ళ వరకు శిక్షపడే నేరం. ఇలాంటి జామీనుపై బయటకు వచ్చిన వ్యక్తి, మోసం బయటపడినప్పుడు తిరిగి జైలుకు పోవలసి వస్తుంది. తాను డబ్బు ఇచ్చింది నకిలీ మనిషికి అని అతనికి ముందుగా తెలియకపోయినా సరే.

న్యాయవాది తన కక్షిదారుకు జామీను ఉండరాదు, జామీనుదారు ఆస్తిపరుడని ధ్రువీకరించనూ రాదు. ఇది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోవడం కూడా నిషిద్ధం. కాబట్టి బెయిలు గ్యారంటీ అంటూ ఎవరైనా ప్రకటించుకుంటే, ఆ ప్రకటనే అనుమానించడానికి తగిన కారణం.

స్థానిక జామీను సమస్య

ఇబ్రహీంపట్నం హైదరాబాదు నుండి విజయవాడ మీదుగా మచిలీపట్నం పోయే 65వ జాతీయ రహదారిపై ఉంది. ఉత్తరాఖండ్‌లో మొదలై జగదల్‌పూర్, భద్రాచలం, తిరువూరు మీదుగా వచ్చే 30వ జాతీయ రహదారి ఇక్కడే ముగుస్తుంది. డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, కొండపల్లి పారిశ్రామిక వాడ ఉన్నందువల్ల వేరే జిల్లాల, వేరే రాష్ట్రాల కూలీలు, డ్రైవర్లు ఇక్కడికి వస్తుంటారు. అలాంటి వ్యక్తి ఒక ప్రమాదం కేసులోనో, దొంగతనం కేసులోనో అరెస్టయితే అతనికి ఈ ఊరిలో ఇల్లున్న ఇద్దరు ఎక్కడి నుండి వస్తారు? స్వగ్రామంలో రెండెకరాలు ఉన్న అన్న వచ్చి నిలబడితే, ఆస్తి ఈ కోర్టు పరిధిలో లేదని తిప్పిపంపవచ్చునా?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1978 ఆగస్టులో మోతీరామ్ కేసులో సమాధానం చెప్పింది. మోతీరామ్ మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీమేస్త్రి. అతనికి 10,000 రూపాయల జామీను విధించిన మేజిస్ట్రేటు, జామీనుకు వచ్చిన అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుపట్టి, 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై విడుదల చేయమన్నాడు. ఆ తీర్పులో ఆయన వేసిన ఒక ప్రశ్న తెలుగువారికి నేరుగా తగులుతుంది. బస్తరులోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో ఒక ఆంధ్రుడిని అరెస్టు చేస్తే అతడు అక్కడ ఆస్తిపరులైన జామీనుదారులను ఎలా తెస్తాడని ఆయన అడిగాడు. దానికి కొద్ది నెలల ముందు, 1977 డిసెంబరులో, గుడికంటి నరసింహులు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటరు కేసులో కూడా ఆయనే బెయిలుపై ఉత్తర్వు ఇచ్చాడు. బెయిలు నిరాకరణ రాజ్యాంగంలోని 21వ అధికరణం కాపాడే వ్యక్తి స్వేచ్ఛను తగ్గించడమేననీ, విచక్షణ అంటే న్యాయాధికారి ఇష్టం కాదనీ చెప్పిన ఈ తెలుగు కేసును దేశంలోని కోర్టులు నేటికీ ఉదాహరిస్తున్నాయి.

తీర్పు వచ్చి నలభై ఏళ్ళు దాటినా సమస్య మిగిలే ఉంది. విప్లవ రచయితల సంఘం స్థాపకులలో ఒకరైన వరవరరావుకు భీమా కోరేగావ్ కేసులో బొంబాయి హైకోర్టు 2021 ఫిబ్రవరి 22న ఆరోగ్య కారణాలపై ఆరు నెలల బెయిలు ఇచ్చింది. షరతు 50,000 రూపాయల పూచీకత్తు, ఇద్దరు ఆస్తిపరులైన జామీనుదారులు. జామీనుదారుల పత్రాలు పూర్తయ్యేసరికి ఆలస్యమవుతుందని కోరగా, మార్చి 1న తాత్కాలికంగా నగదు జామీనుకు కోర్టు అనుమతించింది. ఆయన ఆసుపత్రి నుండి బయటకు వచ్చింది మార్చి 6 రాత్రి. పేరున్న కవికి, న్యాయవాదులు వెంట ఉన్న మనిషికి పట్టిన కాలం 12 రోజులు. (2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆయనకు కాలపరిమితి లేని బెయిలు ఇచ్చింది.)

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఈ అంశంపై కొన్ని ఆదేశాలు ఇచ్చింది. బెయిలు వచ్చినా విడుదల ఆలస్యం కావడానికి స్థానిక జామీను కోసం పట్టుబట్టడం ఒక కారణమనీ, అటువంటి కేసులలో కోర్టులు ఆ షరతు విధించకపోవచ్చనీ అందులో ఉంది. 2024 ఆగస్టు 22న గిరీష్ గాంధీ కేసులో మరొక కోణం బయటపడింది. వేర్వేరు రాష్ట్రాలలో నమోదైన 13 కేసులలో బెయిలు వచ్చినా, ఒక్కొక్క కేసుకు విడివిడిగా జామీనుదారులను తేలేక అతడు జైలులోనే ఉన్నాడు. ఒక రాష్ట్రంలోని కేసులన్నిటికీ అదే జామీనుదారులు సరిపోతారని కోర్టు అనుమతించింది. జామీను ఉండేవాడు సాధారణంగా దగ్గరి బంధువో, చిరకాల మిత్రుడో అయి ఉంటాడనీ, క్రిమినల్ కేసు అనగానే ఆ కొద్దిమందిలోనూ కొందరు తప్పుకుంటారనీ జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ గుర్తించారు. ఊళ్ళో జామీను అడగడానికి ఇంటింటికీ తిరిగినవారికి ఇది కొత్తగా చెప్పవలసిన విషయం కాదు.

ఉత్తర్వు నుండి విడుదల దాకా

బెయిలు ఉత్తర్వు, విడుదల రెండు వేర్వేరు ఘట్టాలు. హైకోర్టు బెయిలు ఇచ్చినా, జామీను పత్రాలు దాఖలు చేయవలసింది కేసు ఉన్న కింది కోర్టులోనే. అక్కడి న్యాయాధికారి జామీనుదారులను అంగీకరించాక విడుదల ఉత్తర్వు జైలుకు వెళుతుంది. అన్ని పనులు ఒకే రోజు కలిసివస్తే ఆ సాయంత్రమే బయటపడవచ్చు. నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో 2023 సెప్టెంబరు 9న అరెస్టయిన నారా చంద్రబాబునాయుడుకు విజయవాడ ఏసీబీ కోర్టు రిమాండు విధించగా, అక్టోబరు 31న హైకోర్టు ఆరోగ్య కారణాలపై మధ్యంతర బెయిలు ఇచ్చింది. ఆయన అదే రోజు రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం నుండి విడుదలయ్యాడు. నవంబరు 20న సాధారణ బెయిలు మంజూరైంది. అందరికీ అలా జరగదు. శుక్రవారం సాయంత్రం వచ్చిన ఉత్తర్వుకు జామీనుదారులు సోమవారం గాని సిద్ధం కాకపోవడం, పాసుపుస్తకంలో పేరు, ఆధార్‌లో పేరు కలవకపోవడం, నిందితునిపై మరో కేసులో వారంటు ఉన్నట్లు జైలు ద్వారం దగ్గర బయటపడటం మామూలే.

సుప్రీంకోర్టు ఉత్తర్వులు జైళ్ళకు వెంటనే చేరడానికి 2022 మార్చి 31న ఫాస్టర్ అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ప్రారంభమైంది. 2023 నాటి ఆదేశాల ప్రకారం, బెయిలు ఇచ్చిన కోర్టు ఉత్తర్వు ప్రతిని అదే రోజు గాని మరునాడు గాని ఈ-మెయిలు ద్వారా జైలు అధికారికి పంపాలి. వారం రోజులలో ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెల రోజులైనా జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతులను సడలించే విషయం పరిశీలించవచ్చు. కాబట్టి జామీనుదారులు దొరకలేదని నెలల తరబడి ఊరుకోకుండా, షరతు మార్చమని దరఖాస్తు చేయడం సరైన మార్గం. ఖైదీ పేదరికం, కుటుంబం ఎక్కడ ఉన్నదీ, ఎవరెవరిని అడిగి చూశారో అందులో రాయాలి.

నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఉచిత న్యాయవాది లభిస్తాడు. జాతీయ న్యాయసేవాధికార సంస్థ సహాయ సంఖ్య 15100. జైలులోని ఖైదీ జైలు అధికారి ద్వారానే దరఖాస్తు చేసుకోవచ్చు. జామీను సొమ్ము కట్టలేని విచారణ ఖైదీలకు 40,000 రూపాయల వరకు ప్రభుత్వమే చెల్లించే పథకాన్ని కేంద్ర హోం శాఖ 2023లో తెచ్చింది. జిల్లా స్థాయి కమిటీ దీనిని పరిశీలిస్తుంది. మాదకద్రవ్యాలు, అవినీతి, మనీ లాండరింగ్, ఉపా కేసులకు ఇది వర్తించదు.

అసలు బెయిలే రానివారికి మరొక నియమం ఉంది. ఆ నేరానికి పడదగిన గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపితే, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారైతే మూడవ వంతు గడిపితే, బెయిలుపై విడుదల చేయాలి (సెక్షన్ 479). మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికి మించి కేసులు ఉన్నవారికి ఇది వర్తించదు. ఆ కాలం పూర్తయినప్పుడు కోర్టుకు దరఖాస్తు పంపవలసిన బాధ్యత జైలు అధికారిదే. పాత కేసులకు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందని 2024 ఆగస్టు 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, విచారణ ఖైదీలే.

బయటకు వచ్చిన తరువాత

బెయిలు షరతులు ఉత్తర్వులోనే రాసి ఉంటాయి. ప్రతి ఆదివారం స్టేషనులో సంతకం చేయడం, సాక్షులను బెదిరించకుండా ఉండటం, పాస్‌పోర్టు అప్పగించడం, ఊరు దాటేముందు అనుమతి తీసుకోవడం వంటివి సాధారణం. వీటిని మీరితే బెయిలు రద్దు చేయమని పోలీసులు గాని, ఫిర్యాదుదారు గాని కోర్టును కోరవచ్చు. వాయిదా తేదీలను ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కేసుకు కేటాయించిన 16 అక్షరాల సీఎన్ఆర్ సంఖ్య ద్వారా చూసుకోవచ్చు. జబ్బు వల్లనో మరే కారణం వల్లనో రాలేకపోతే ఆ రోజే న్యాయవాది ద్వారా మినహాయింపు కోరాలి. లేకపోతే నాన్‌బెయిలబుల్ వారంటుతో పాటు జామీనుదారుల ఇంటికి నోటీసు వెళుతుంది. చిరునామా మారితే కోర్టుకు తెలపాలి. కేసు ముగిసిన తరువాత, జామీనుదారుల అసలు పత్రాలు ఏవైనా కోర్టులో ఉంటే వాటిని తిరిగి ఇప్పించమని దరఖాస్తు చేసుకోవాలి.